ఎక్కడం కంటె దిగడం కష్టం

పిల్లలూ, మీలో సైకిలు తొక్కడం రానివాళ్ళు బహుశా కొద్దిమందే ఉంటారు. తొక్కడం వచ్చినవాళ్ళను ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు: మిట్ట ఎక్కేటప్పుడు ఆయాసం, పల్లం దిగేటప్పుడు హాయి. మిట్ట ఎక్కాలంటే లేచి నిలబడి తొక్కాలి. పల్లం దిగడానికి ఊరికే కూర్చుంటే చాలు, సైకిలే మనను తీసుకుపోతుంది. అంచేత ఎక్కడం కష్టమనీ, దిగడం సుఖమనీ అందరూ అనుకుంటారు.

నేను కూడా ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చినదాకా అలాగే అనుకున్నాను. పదిమందికి పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఉండి కూడా అనుకున్నాను! అది పొరపాటని నాకు ఎలా తెలిసివచ్చిందో, మొన్న సంక్రాంతికి మా మనవడు అదే కొండ మీద ఏం చేశాడో మీకు చెబుతాను.

మాది జంగారెడ్డిగూడెం. పూర్వం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో ఉన్నది. గోదావరి సీమ అనగానే మీకు పచ్చని వరిచేలూ, కాలవలూ, కొబ్బరితోటలూ జ్ఞాపకం వస్తాయి గదా? మా ఊరు వచ్చి చూస్తే అవేవీ అంతగా కనిపించవు. ఇది మెట్ట ప్రాంతం. ఎర్రనేల. పొగాకు, మొక్కజొన్న, జీడిమామిడి, ఆయిల్‌పామ్ తోటలు ఇక్కడి పంటలు. ఊరికి దగ్గరలోనే కొంగువారిగూడెం వద్ద ఎర్రకాలవకు అడ్డంగా కట్టిన జలాశయం ఉన్నది.

ఊళ్ళోంచి ఉత్తరంగా బుట్టాయగూడెం వైపు వెళితే, కొంత దూరానికి ఆకాశం అంచున నీలంగా ఒక గీత కనిపిస్తుంది. దగ్గరికి పోయినకొద్దీ ఆ గీత కొండలవుతుంది. అవే మన తూర్పు కనుమలు. ఆ వరస అలా ఈశాన్యంగా సాగి, గోదావరి ఒడ్డున పాపికొండలవుతుంది. పాపికొండల అడవిని 2008లో జాతీయ వనంగా ప్రకటించారు. ఈ కొండల కింద కోయల గూడేలున్నాయి, కొండల మీద కొండరెడ్ల గూడేలున్నాయి. వెదురు, టేకు, ఇప్ప, తునికి, చింత, జీలుగు, ఇవి ఈ అడవిలో తరచు కనిపించే చెట్లు.

మొన్న సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుంచి మా అమ్మాయి కొడుకు వచ్చాడు. వాడికి పదమూడేళ్ళు. వాడితోబాటు వాడి సైకిలు కూడా వచ్చింది. అలాటి సైకిలును నేను అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. టైర్లు లావుగా, మొసలి వీపులాగా గరుకుగా ఉన్నాయి. ముందు చక్రం పట్టుకున్న రెండు కాళ్ళలోనూ స్ప్రింగులున్నాయి. రాయి తగిలితే అవి లోపలికి అణిగి మళ్ళీ పైకి లేస్తాయి. బ్రేకులు రిమ్మును పట్టుకోవు. ఇరుసు దగ్గర పలచని ఇనుప పళ్ళెం ఒకటి చక్రంతోబాటు తిరుగుతూ ఉంటుంది, బ్రేకు నొక్కితే రెండు బిళ్ళలు వచ్చి ఆ పళ్ళేన్ని అటూ ఇటూ బిగిస్తాయి.

"తాతయ్యా, ఇది కొండలెక్కే సైకిలు. నీ సైకిలు ఎక్కగలదా?" అన్నాడు వాడు.

నా సైకిలు ముప్ఫయి అయిదేళ్ళ నాటిది. ఇద్దరమూ వాకిట్లో కూర్చుని పళ్ళ చక్రాలు లెక్కపెట్టాం. నా సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్నాయి. అంటే పెడలు ఒక చుట్టు తిరిగేలోగా వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది, బండి 5 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. వాడి సైకిలుకు ముందూ వెనకా చాలా పళ్ళ చక్రాలున్నాయి. గొలుసును ముందు 22 పళ్ళ చక్రం మీదికీ, వెనక 34 పళ్ళ చక్రం మీదికీ మార్చాం. ఇప్పుడు పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం మూడింట రెండు వంతులు కూడా తిరగదు. బండి మీటరున్నర కూడా కదలదు.

"అయితే నాది నెమ్మది బండి అన్నమాట," అన్నాడు వాడు చిన్నబుచ్చుకుని.

"కాదురా. నేను 5 మీటర్లు పోవడానికి ఒక్కసారి గట్టిగా తొక్కాలి. నువ్వు నాలుగు సార్లు తొక్కాలి, కాని ప్రతిసారీ నాలుగో వంతు బలం చాలు. బస్తా బియ్యం ఒక్కసారే ఎత్తలేనివాడు నాలుగు మూటలు చేసి నాలుగుసార్లు మోస్తాడు గదా, ఇదీ అంతే," అన్నాను.

వాడు సంతోషించాడు. కాని నాకు మటుకు ఒక సందేహం మిగిలింది. ఎక్కడానికి ఇన్ని పళ్ళ చక్రాలు పెట్టిన ఈ సైకిలు, దిగేటప్పుడు ఏం చేస్తుంది? ఈ సంగతి తెలుసుకోవాలని ఆ రాత్రి వెతికి చదివాను. చదివితే ఒక వింత బయటపడింది. కొండలు ఎక్కడానికి పుట్టిందని మా వాడు చెప్పిన సైకిలు నిజానికి దిగడం కోసం పుట్టింది!

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఉన్నది. అక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరంగా మారిన్ అనే ప్రాంతంలో కొండలున్నాయి. 1970ల్లో అక్కడి కుర్రవాళ్ళు కొందరు పాత సామానుల్లో పారేసిన లావు టైర్ల సైకిళ్ళు తెచ్చి, వాటిమీద కొండదారిన మట్టిలో పడి దిగడం ఒక ఆటగా పెట్టుకున్నారు. వాళ్ళు పోటీ పెట్టుకున్న దారి పొడవు 3 కిలోమీటర్లకు పైచిలుకు. ఆ కొద్ది దూరంలోనే అది దాదాపు 400 మీటర్ల లోతుకు దిగుతుంది. ఆ పాత సైకిళ్ళకు చేతి బ్రేకులుండేవి కావు. పెడలును వెనక్కి తొక్కితే ఇరుసు లోపల ఉన్న బ్రేకు పట్టేది. కొండ కిందికి చేరేసరికి ఆ బ్రేకు ఎంత వేడెక్కేదంటే, లోపల పెట్టిన గ్రీజు అంతా కాగి పొగై పోయేది. మరోసారి దిగాలంటే ఇరుసు విప్పి కొత్త గ్రీజు కూరవలసి వచ్చేది. అందుకని ఆ దారికి 'రీప్యాక్' అని పేరు వచ్చింది. ఇంగ్లీషులో ఆ మాటకు 'మళ్ళీ కూరడం' అని అర్థం.

అక్కడ మొదటి పోటీ 1976 అక్టోబరు 21న జరిగింది. గెలిచినవాడు ఎవరో తెలుసా? అందరికంటె సాహసి కాదు. పోటీలో పడిపోకుండా కిందికి వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడట, గెలుపు వాడిదే అయింది. ఆ బృందంలోని జో బ్రీజ్ అనే అతను 1977లో, కొండదారుల కోసమని ప్రత్యేకంగా సైకిలు తయారుచేశాడు. ఆ తరవాత ఇరవై ఏళ్ళయినా తిరగకుండానే, 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడల్లో కొండ సైకిలు పందెం చేరిపోయింది.

ఈ కథ పొద్దున్నే మా వాడికి చెప్పాను. వాడు అంతా విని, "అయితే మనం కూడా ఒక కొండ దిగుదాం, తాతయ్యా," అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. మా ఊరికి దగ్గరలో అలా దిగదగిన కొండ ఒకటి నేనెరుగుదును. ముప్ఫయి ఏళ్ళకు పైగా ఆ కొండ ఎక్కలేదు. చివరకు, "వెళదాం. కాని అక్కడ ఒక మనిషి ఉన్నాడు. అతను ఒప్పుకుంటేనే దిగడం," అన్నాను.

ఆ కొండ పేరు మీకు చెప్పను. మీలో ఎవరైనా పెద్దవాళ్ళు లేకుండా బయలుదేరతారేమో అని నా భయం. అది జాతీయ వనం లోపలిది కాదు, ఒక కొండరెడ్ల గూడేనికి వెళ్ళే కాలిబాట. అడవి లోపలికి అటవీశాఖ అనుమతి లేకుండా ఎవరూ పోరాదు. గూడెం దారి అయినా, గూడెంవాళ్ళ ఇంటి వాకిలి లాటిదే. అడగకుండా మరొకరి వాకిట్లో సైకిలు తొక్కుతామా? అంచేత ముందే కబురు పంపాను.

కనుమ మర్నాడు తెల్లవారుజామున బయలుదేరాం. మంచు దట్టంగా పడుతున్నది. పొగాకు చేల పక్కన బేరన్లు మంచులో గుళ్ళలాగా కనిపించాయి. బుట్టాయగూడెం దాటాక పొద్దెక్కింది, మంచు విడిపోయింది. ఒక వాగు అడ్డం వచ్చింది. ఇప్పుడు అందులో చీలమండ లోతు నీళ్ళే ఉన్నాయి. వానాకాలంలో కొండ మీద వాన కురిసిందంటే, ఇక్కడ చినుకు పడకపోయినా ఇదే వాగు గంటలో పొంగుతుంది, మనిషిని నిలబడనివ్వదు. అందుకని ఈ దారులు చూడదలచినవాళ్ళు శీతాకాలంలోనే రావాలి.

కొండ మొదట్లో ఒక మనిషి మా కోసం కూర్చుని ఉన్నాడు. యాభైకి దగ్గర పడిన వయసు. నన్ను చూసి లేచి, "ఎన్నాళ్ళకి వచ్చారు, మేష్టారూ!" అన్నాడు. మా వాడు అతనికి నమస్కారం చేశాడు. అతను తిరిగి నమస్కారం చేస్తున్నప్పుడు, అతని కుడిచెయ్యి మోచేతి కింద కొంచెం వంకరగా ఉండడం మా వాడి కంట పడింది. అడగబోయి ఊరుకున్నాడు.

ముగ్గురమూ సైకిళ్ళు నడిపించుకుంటూ కొండ ఎక్కాం. అక్కడక్కడా చదునుగా ఉన్నచోట మా వాడు చిన్న పళ్ళ చక్రం వేసుకుని తొక్కాడు. దారి ఎర్రమట్టి, మధ్య మధ్య గులకరాళ్ళు. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉండే రాతికి ఖొండలైటు అని పేరు. ఒడిశా కొండల్లోని ఖోండు జాతి పేరు మీదుగా దానికి ఆ పేరు పెట్టారు. ఎండకూ వానకూ అది శిథిలమై ఎర్రని మట్టీ గులకా అవుతుంది. ఆ గులక కాలి కింద గింజల్లాగా దొర్లుతుంది. చక్రం కింద కూడా అంతే.

గూడెం చేరేసరికి మా వాడి చేతి గడియారం, మేము 100 మీటర్ల ఎత్తు ఎక్కినట్టు చూపించింది. దారి పొడవు ఒక కిలోమీటరు. అంటే 10 మీటర్లు నడిస్తే 1 మీటరు ఎత్తు పెరుగుతున్నదన్నమాట. దీన్ని పదింట ఒకటి వాలు అంటారు. అయితే ఇది సగటు లెక్క. కొన్ని చోట్ల వాలు లేనే లేదు, కొన్ని చోట్ల చాలా ఎక్కువ.

గూడెంలో ఇంత అంబలి తాగి, కాసేపు కూర్చున్నాం. మా వాడు హెల్మెట్ తగిలించుకుని సైకిలెక్కబోయాడు.

అతను హ్యాండిలు మీద చెయ్యి వేసి, "ముందు నడిచి చూడాలి, బాబూ. చూశాక ఎక్కుదువు గాని," అన్నాడు.

సైకిళ్ళు అక్కడే ఉంచి వచ్చిన దారినే నడిచాం. ఎక్కేటప్పుడు కనిపించనివన్నీ ఇప్పుడు కనిపించాయి. అతను మూడు చోట్ల ఆగాడు. మొదటిది గులకరాళ్ళ దారి. "ఇక్కడ గట్టిగా బ్రేకు పట్టకూడదు, జారుతుంది," అన్నాడు. రెండోది మెట్ల మాదిరిగా లేచిన రాళ్ళు. "ఇక్కడ ఒళ్ళు వెనక్కి ఉంచాలి," అన్నాడు. మూడోది ఒక వంపు. దారి అక్కడ నిటారుగా దిగి, చటుక్కున ఎడమకు తిరుగుతుంది. తిరగనివాళ్ళకు ఎదురుగా ఒక గండి ఉన్నది. దాని నిండా వెదురు పొదలు.

ఆ వంపు దగ్గర నేను నిలబడిపోయాను. అతను కూడా ఏమీ మాట్లాడలేదు.

"ఇదేమిటి, తాతయ్యా?" అన్నాడు మా వాడు.

పిల్లలూ, వాడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

1988లో నేను ఈ కొండ కింద ఉన్న ప్రాథమిక పాఠశాలలో మాస్టరును. నా తరగతిలో ఈ గూడెం కుర్రవాడు ఒకడు లెక్కల్లో చాలా చురుకు. వాడిచేత గురుకుల పాఠశాల ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టించాను. పరీక్ష జంగారెడ్డిగూడెంలో. ఆ రోజు పొద్దున్న వాడు కొండ దిగి రాలేదు. ఇంట్లో ఎవరికో జ్వరమట. నేను సైకిలు నెట్టుకుంటూ కొండ ఎక్కి, వాళ్ళను ఒప్పించి, వాణ్ణి వెనక కూర్చోబెట్టుకున్నాను. అప్పటికే ఆలస్యమయింది. దిగడం ఎంతసేపు, పది నిమిషాలలో బస్సు దగ్గర ఉంటాం అనుకున్నాను. నా సైకిలు బ్రేకు రబ్బర్లు బాగా అరిగి ఉన్నాయి. మార్చాలని వారం రోజులుగా అనుకుంటూనే ఉన్నాను.

ఈ వంపు ఇంకా కొంత దూరం ఉందనగా వాడు నా చొక్కా లాగి, "ఇక్కడ దిగుదామండి, మేష్టారూ. ఇక్కడ ఎవరూ పరుగెత్తరండి," అన్నాడు.

"భయపడకు. గట్టిగా పట్టుకో," అన్నాను నేను.

రబ్బరు కాలిన వాసన వచ్చింది. బ్రేకు మొదలంటా నొక్కినా పట్టడం లేదు. తరవాత జరిగింది వెదురు పొదలకు తెలుసు. నాకు గీరుకుపోయిన గాయాలు మాత్రమే. వాడి కుడిచెయ్యి విరిగింది. వాణ్ణి భుజాన వేసుకుని కిందికి నడిచాను. ఎంతో తొందరపడి ఆదా చేద్దామనుకున్న సమయం ఎక్కడికి పోయింది? పరీక్ష వేళకు మేము ఆస్పత్రిలో కట్టు కట్టించుకుంటున్నాం. ఆ తరగతిలో చేరడానికి అవకాశం ఆ ఒక్క ఏడే. అది మళ్ళీ రాలేదు. వాడు ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివి, తండ్రి పొలానికే వచ్చాడు.

నేను ఇంతవరకూ చెప్పి ఆగాను. మా వాడు అతని చేతికేసి చూశాడు, తరవాత నాకేసి చూశాడు. వాడికి మరి చెప్పవలసింది లేకపోయింది.

అతని వైపు తిరిగి, "ఆ రోజు నీ మాట వినవలసింది," అన్నాను. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అతను కాసేపు ఊరుకుని, "నాకు మాత్రం ఆ పరీక్ష చాన్నాళ్ళు కల్లోకి వచ్చేదండి," అన్నాడు. తరవాత నవ్వి, "మా అమ్మాయి ఇప్పుడు జంగారెడ్డిగూడెంలో డిగ్రీ చదువుతోందండి. దాన్ని మటుకు నేనే దగ్గరుండి పరీక్షకు తీసుకెళ్ళాను, ముందు రోజే," అన్నాడు. ఆ వెంటనే మా వాడి భుజం తట్టి, "ఈ వంపు అలాగే ఉంది, బాబూ. రా, ఎంత వాలో కొలుద్దాం," అన్నాడు.

వాలును కొలవడం చాలా సులువు. మీరూ చేసి చూడవచ్చు. మీటరు పొడుగు కర్ర ఒకటీ, సగం నీళ్ళు పోసి మూత పెట్టిన సీసా ఒకటీ కావాలి. కర్ర ఒక కొనను పై వైపు నేలకు ఆనించి, రెండో కొనను వాలు వైపు చాచి పట్టుకోవాలి. కర్ర మీద సీసాను పొడుగునా పడుకోబెట్టాలి. లోపలి నీటి మట్టం కర్రకు సమంగా కనిపించేదాకా చాచిన కొనను పైకీ కిందికీ జరపాలి. అప్పుడు ఆ కొన నుంచి నేలకు ఎంత ఎత్తు ఉన్నదో కొలవాలి. మాకు 25 సెంటీమీటర్లు వచ్చింది. అంటే నాలుగింట ఒకటి వాలు.

మా వాడు నేలమీద పుల్లతో లెక్క కట్టాడు. 1988లో నేను 60 కిలోలు, కుర్రవాడు 28 కిలోలు, సైకిలు 22 కిలోలు, మొత్తం 110 కిలోలు. నాలుగింట ఒకటి వాలులో అందులో నాలుగో వంతుకు కొంచెం తక్కువ, అంటే దాదాపు 27 కిలోల బరువు కట్టి కిందికి లాగుతున్నట్టు లెక్క. ఆ లాగుడును అరిగిపోయిన రెండు జతల రబ్బరు ముక్కలు ఆపాలి!

"ఇప్పుడు నీ లెక్క కట్టు. నువ్వు 45 కిలోలు, నీ సైకిలు 15. ఈ 60 కిలోలూ 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి నువ్వు ఎంతో శక్తి ఖర్చు పెట్టావు. ఆ శక్తి ఎక్కడికి పోయింది?" అన్నాను.

"ఎత్తులో దాగి ఉన్నది, తాతయ్యా. మా సైన్సు పుస్తకంలో స్థితిశక్తి అని ఉన్నది," అన్నాడు వాడు.

"దిగేటప్పుడు అదంతా బయటికి వచ్చి తీరాలి. నువ్వు ఊరుకుంటే వేగంగా మారుతుంది. బ్రేకు పట్టుకుంటే వేడిగా మారుతుంది. కొంత గాలికి పోగా, మిగిలినదంతా బ్రేకుదే. మొత్తం బ్రేకుకే చేరిందనుకుంటే, అది ఒక గ్లాసుడు చన్నీళ్ళను మరగబెట్టేటంత వేడి. అమెరికా కుర్రవాళ్ళ గ్రీజు ఎందుకు పొగైపోయిందో ఇప్పుడు తెలిసిందా?"

ఇక వేగం సంగతి. వేగం రెండింతలయితే ఆగడానికి కావలసిన దూరం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. చదును నేలమీద గంటకు 10 కిలోమీటర్ల వేగంలో 2 మీటర్లలో ఆగే సైకిలు, 20 కిలోమీటర్ల వేగంలో 8 మీటర్లకు గాని ఆగదు. వాలులో ఇంకా ఎక్కువ పడుతుంది. ఎందుకంటే బ్రేకుకు ఉన్న పట్టులో కొంత, కొండ లాగుడును నిలవరించడానికే ఖర్చయిపోతుంది. గులక మీద ఆ పట్టు కూడా సగానికి సగం పోతుంది. అందుకని వేగం పెరిగాక తగ్గించుకుందామనుకోవడం తెలివితక్కువ. పెరగకముందే పట్టులో ఉంచుకోవాలి.

తిరిగి పైకి వెళ్ళి, మా వాడు సైకిలు ఎక్కాడు. రెండు బ్రేకులూ సరిగా ఉన్నదీ లేనిదీ, చక్రాలు బిగిసి ఉన్నదీ లేనిదీ నేను చూశాను, తరవాత అతనూ చూశాడు. నేను నా సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ దిగాను. నా సైకిలుకు ఆ వాలు తగదు, నాకూ తగదు.

గులకరాళ్ళ దారిలో వాడు రెండు బ్రేకులనూ మెత్తగా నొక్కుతూ, వదులుతూ, మళ్ళీ నొక్కుతూ దిగాడు. ఒకచోట వెనక చక్రం జారింది. కాలు కింద ఆనించి నిలదొక్కుకున్నాడు. రాతిమెట్ల దగ్గర పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో ఉంచి, సీటు మీంచి లేచి, నడుము బాగా వెనక్కి పెట్టాడు. అలా ఎందుకంటే, వాలులో మన బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టితే ముందు చక్రం ఆగిపోతుంది, మనం మటుకు ఆగం! హ్యాండిలు మీంచి పల్టీకొట్టి ముందుకు పడతాం. ఒళ్ళు వెనక్కి ఉంచితే బరువు రెండు చక్రాల నడుమా నిలుస్తుంది. వాడి చూపు కూడా చక్రం కింద లేదు, తాను వెళ్ళవలసిన చోట ఉన్నది. చూసినవైపే సైకిలు పోతుంది. గండికేసి చూస్తే గండిలోకే పోతుంది.

వంపు వచ్చింది. అతను వంపు మధ్య నిలబడి ఉన్నాడు, చెయ్యి ఊపలేదు, రమ్మనలేదు, వద్దనలేదు. నేను పైన ఉన్నాను. నా గుండె దడదడ కొట్టుకుంటున్నది. నాలుక చివరిదాకా మాట వచ్చింది గాని, ఆపుకున్నాను. దిగువన కాస్త చదునుగా ఉన్నచోటే మా వాడు బ్రేకు పట్టి ఆగాడు. వంపుకేసి ఒకసారి చూశాడు. సైకిలు దిగి, దాన్ని తనకూ గండికీ మధ్య ఉంచుకుని, మెల్లగా నడిపించుకుంటూ వంపు దాటాడు. దాటాక మళ్ళీ ఎక్కి, "హోయ్!" అని కేక పెడుతూ కిందిదాకా పోయాడు.

నేను కిందికి చేరేసరికి వాడు సీసాలోంచి చుక్క నీరు తీసి బ్రేకు పళ్ళెం మీద వేస్తున్నాడు. అది 'సుయ్' మని ఆవిరైపోయింది. "వేలు పెట్టి చూడలేదు, తాతయ్యా, కాలుతుందని తెలుసు," అన్నాడు. కాసేపాగి, "నేను వంపు దగ్గర దిగాను గదా, అంటే ఓడిపోయినట్టా?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పేలోగా ఆ మనిషే చెప్పాడు: "మా వాళ్ళు కట్టెల మోపుతో వచ్చినా, ఇప్పపువ్వు బుట్టతో వచ్చినా, అక్కడ నెమ్మదిగానే దిగుతారు, బాబూ. రోజూ దిగేవాళ్ళు కదా."

పిల్లలూ, ఆ మాటలో ఎంత అర్థం ఉన్నదో చూశారా? ఒక్కసారి దిగేవాడు పందెంగా దిగుతాడు. రోజూ దిగవలసినవాడు రేపు కూడా దిగేటట్టు దిగుతాడు. మారిన్ కొండల్లో మొదటి పందెం గెలిచినవాడు పడకుండా వచ్చినవాడే గదా!

మీ ఊళ్ళో కొండ లేకపోవచ్చు. చెరువు గట్టో, వంతెన దిగుడో, రైల్వే గేటు దగ్గర పల్లమో ఉంటుంది. అక్కడికైనా ఈ నాలుగు సంగతులూ గుర్తుంచుకోండి. బయలుదేరేముందు బ్రేకు రబ్బర్లు చూడండి. అరిగి ఉంటే ఆ రోజే మార్పించండి, రేపు అనవద్దు. తెలియని పల్లాన్ని ముందు నడిచి చూడండి. హెల్మెట్ లేకుండా దిగకండి, వెనక ఎవరినీ కూర్చోబెట్టుకుని దిగకండి. ఇక నాలుగోది అన్నిటికంటె ముఖ్యం: ఆ దారి ఎరిగినవాళ్ళు "ఇక్కడ దిగుదాం" అంటే, వాళ్ళు మీకంటె చిన్నవాళ్ళయినా సరే, దిగండి.

ఈ మాట పెద్దవాళ్ళకు కూడా వర్తిస్తుంది. మాస్టర్లకు మరీను.

సాయంకాలం ఇంటికి చేరగానే మా వాడు నా సైకిలును వాకిట్లో స్టాండు వేసి, బ్రేకు రబ్బర్లు వంగి చూశాడు. "తాతయ్యా, ఇవి అరిగాయి," అన్నాడు. నాకు కాళ్ళు నొప్పులుగా ఉన్నాయి, రేపు చూద్దాంలే అనబోయాను. వాడు నాకేసి చూశాడు. చెప్పులు మళ్ళీ తొడుక్కుని, ఇద్దరమూ సైకిలు షాపుకు బయలుదేరాం.